రాత్రిబడి, మొదటి రోజు

లెసోతో కొండల్లో మంచు.
నిన్నంతా కూర్చుని రాసుకున్నాను:
పరిచయాలకు పది నిమిషాలు, అచ్చులకు ఇరవై.
పిల్లల బెంచీలు బయట పెట్టించాలి.
ఎవర్నీ లేపి చదవమనకూడదు.

బెంచీల సంగతి మరిచేపోయాను.

ఏడుగురు కాపర్లు, కంబళ్లు కప్పుకుని
గోడకానుకుని నిలబడ్డారు.
చివరికి ట్సెలిసో, తాతయ్య వయసు,
ఉన్ని అమ్మిన రసీదు తీశాడు:
"నా వేలిముద్ర పక్కన ఎంతనుంది?"

చదివాను. ఆయన మొహం
మరోవైపు తిప్పుకున్నాడు.

"మీ గొర్రె పరాయి మందలో కలిస్తే?"
"చెవి చూస్తా. రెండు గాట్లు నావి,
కొసన చీలిక మా బావది..."

సుద్దముక్క చేతికిచ్చాను.
బోర్డు నిండా చెవులు.

గడ్డానికి మోకాళ్లు తగులుతుంటే
చిన్న బెంచీ మీద కూర్చుని
నేనూ ఒకటి గీశాను.

వంగి చూశాడు.
"గాటు ఇంకాస్త లోతు, టీచరమ్మా.
ఇలా గీస్తే గొర్రె నీది కాదు."