సున్న నడుమ

సిరొంచ బస్టాండు వెనక
ఒకప్పటి తునికాకు గోదాములో
ఇప్పుడు నాలుగు మిషన్లున్నాయి.
రిజిస్టరు నా దగ్గర.
పేరు, ఊరు, ఏం చేసుకుందామని వచ్చారు:
గళ్ల మీది అచ్చు మరాఠీ,
చెప్పేవాళ్లు తెలుగులో చెబుతారు,
మాడియాలో తమలో తాము మాట్లాడుకుంటారు,
నాకొచ్చిన అక్షరాల్లో నేను రాస్తాను.

సోమవారం: కుట్టుమిషను పళ్ల చక్రం. తెల్లది. ఒకటి.
మంగళవారం: కరెంటు లేదు.
బుధవారం: తునికాకు కట్ట కొలిచే చట్రం.
ఆత్రం జైతు మూడుసార్లు నింపి, విప్పి, లెక్కపెట్టాడు.
డెబ్బై అంటే డెబ్బయ్యే.
కల్లేదారు వేళ్లకు ఇక పని లేదనుకున్నాడో ఏమో,
నాకు చెప్పకుండా నవ్వుకుంటూ పోయాడు.
బేస్తవారం సగమే రాసి ఉంది,
కరెంటు సగమే ఉంది గనక.

సగంలో ఆగిపోయినవన్నీ
కిటికీ తీగకు గుచ్చి వేలాడదీశాం:
తొండం రాని ఏనుగు,
అడుగు మాత్రమే ఉన్న డబ్బా,
ఎవరి పాదానికీ సరిపడని చెప్పు మడమ.
గాలొస్తే గలగలమంటాయి.
చంద్రాపూర్ నుంచి వచ్చే వాసేకర్ మేడం తీసెయ్యమంది.
పిల్లలు వినలేదు.

శుక్రవారం పొద్దుగూకంగ
తోకల బానయ్య వచ్చాడు.
బ్రిడ్జి పడ్డనాటి నుంచి
ఆయన పడవ మనుషుల్ని మొయ్యడం లేదు.
చేపలు, వల, ఒక్కోసారి ఊరికే ఆయన.
ఎండకు పెచ్చులూడిన పేరు మళ్లీ రాయించాలి,
పెయింటరు మూడొందలన్నాడు.
"మీ మిషను అచ్చు కోసిస్తదట గదా, నిజమేనా?"

పేరు లింగుబాయి.
తల్లా, పెండ్లామా అని అడగలేదు.
రిజిస్టరులో ఆ గడి లేదు.

సన్నటి వెలుగు అట్ట మీద పరుగెత్తింది.
కాలిన వాసన.
ముసలాయన ముక్కు చీదలేదు, దగ్గరికొచ్చాడు.
అట్ట ఎత్తానో లేదో
సున్న నడుమ జారి నేల మీద పడింది.
'లి' గుడి లోపలిది పడింది,
'యి' గుడి లోపలిదీ పడింది.
మిగిలినవి ఉత్త బొక్కలు.
బానయ్య వంగి ఆ గుండ్రటి బిళ్లను ఏరి
అరచేతిలో పెట్టి చూసుకున్నాడు.
"సున్నంటేనే ఏం లేదంటరు గదా బిడ్డా,
గా ఏం లేనిది గూడ పడిపాయెనా?"

జైతు చెల్లెలు మైనీ
అంతసేపూ మూల స్టూలు మీద కూచుంది.
ఆశ్రమశాలలో తొమ్మిది,
తెలుగు చదవడం రాదు.
అందుకే కాబోలు
మేమంతా పేరును చూస్తుంటే
తను ఆకారాన్ని చూసింది.
తెర ముందుకొచ్చి
సున్నకు అటొకటి ఇటొకటి
సన్నని గీతలు అడ్డం పెట్టింది.
నడుమది నిలవాలంటే
చుట్టూ ఉన్నది దాన్ని పట్టుకోవాలి.
వేలు చూపిస్తూ మరాఠీలో అంది:
"ఇథే పూల్ పాహిజే."
ఇక్కడ వంతెన కావాలి.

బానయ్యకు మరాఠీ బాగా వచ్చు.
ముప్పై ఏళ్లు రెండు గట్ల జనాన్నీ దాటించిన నోరు.
కాసేపు ఫ్యాను చప్పుడే వినబడింది.
"ఈడ గూడనా," అన్నాడు.
అని, నలభై రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

రెండో అట్ట నిలిచింది.
మొదటిదాన్ని పిల్లలు తీగకు గుచ్చారు.
బిళ్ల మాత్రం దొరకలేదు,
చీపురుకూ రాలేదు.

మర్నాడు రేవుకు పోయి చూశాను.
నీలం రంగు ఇంకా ఆరలేదు.
ప్రతి గుడికీ, సున్నకూ
రెండేసి సన్నని సందులు.
బ్రష్షుతో పూడ్చుకోవచ్చని చెప్పే పంపాం.
పూడ్చలేదు.
ఆ సందుల్లోంచి పాత పేరు తాలూకు ఎరుపు
కొంచెం కొంచెం కనిపిస్తోంది.

శనివారం: కరెంటు ఉంది.
ఇంకెవరూ రాలేదు.