పల్లిపట్టి

ఈ గదికి మునుపు పేరు స్టోర్ రూం.
విరిగిన బెంచీలు, ఆఫ్రికా దగ్గర సొట్టపడ్డ గ్లోబు,
మొక్కలు నాటిననాడు తెచ్చి మరిచిన పారలు.
నల్లగొండల నాకు ఒక్కరోజు ట్రైనింగ్ ఇచ్చి
తలుపు మీద కొత్త కాగితం అంటించిండ్రు:
కౌన్సెలింగ్ సెంటర్.
పారలు మాత్రం ఇంక లోపలనే ఉన్నయ్.

రిజిస్టరుకు మూడు గడులు.
సమస్య. ఇచ్చిన సలహా. ఫలితం.
మొదటి పేజీల మొదటి పేరు
రమావత్ జమున, ఎనిమిది బి,
చందంపేట దిక్కు తండా.

సమస్య కింద షుగర్ అని రాస్తుంటె
ఊడ్వవచ్చిన సత్తెమ్మ చీపురు ఆపింది.
"గింత పోరికా? అది ముసలోళ్ల రోగం గద మేడం!"
పుట్టంగనే పాపం చేసిందా అన్నట్టు
పిల్ల దిక్కు చూసింది.
జమున గ్లోబు తిప్పుకుంట కూసుంది.

నేను రాయని సంగతి ఒకటుంది.
జులైల, మూడో పీరియడు.
డిండి వాగు కృష్ణల కలిసే పాఠం.
బెంచి కింద తల పెట్టి ఈ పిల్ల
పల్లిపట్టి కొరికింది. పటుక్కుమంది.
క్లాసంత నవ్వింది.
"తిండికొచ్చినవా, సదువుకొచ్చినవా?"
మిగిలిన ముక్క నా టేబుల్ మీద పెట్టించి
బయట నిలబెట్టిన.

చేతులు వణుకుతుంటె భయమనుకున్న.
చెమటలు కారుతుంటె ఎండ అనుకున్న.
కూలబడ్డప్పుడు
నటన అనుకున్న, ఒక్క క్షణం.
ఆ క్షణం ఇంక అయిపోలే.

నన్ను అడగకుంట, నా టేబుల్ మీది ముక్క
ఎత్తుకొని ఉరికింది గౌసియా.
దోస్తు నోట్ల పెట్టుకుంట
నా దిక్కు చూడకుండనే అన్నది:
"తీపి గిప్పుడు ఈమెకు మందు, టీచర్.
మీకు తెల్వదా?"

తెల్వదు.

గిప్పుడు జమున నా ముందట
జామెట్రీ బాక్సు తెరుస్తది.
వృత్తలేఖిని పక్కన సూది పెన్ను,
కోణమానిని కింద స్ట్రిప్పుల డబ్బ.
సలహా ఇయ్యాల్సినదాన్ని నేను.
పాఠం చెప్పేది ఆమె:
హాస్టల్ అన్నం గరిటెలు ఎన్నంటే ఎన్ని యూనిట్లో,
జొన్నరొట్టెకు లెక్క ఎట్ల మారుతదో.
"ఇంట్ల ఫ్రిజ్జు లేదు గద టీచర్,
రంజన్ల ఇసుక తడిపి
సీసాలు సల్లగ దాస్తది మా యాడి."
చెప్పేటప్పుడు మొఖంల కొంచెం గర్వం.

ఇంకో నాడు వచ్చి
సూది వేసుకోనన్నది.
"ఒక్కరోజు. ఒక్కటే రోజు
అందరి లెక్క ఉంట."
ట్రైనింగ్ కాగితంల ఉన్నది: ధైర్యం చెప్పవలెను.
ఈ పిల్లకు ధైర్యం చెప్పుడా?
రోజుకు నాలుగుసార్లు తన ఒంట్ల తానే గుచ్చుకునేదానికి?
నోరు రాలే నాకు.
పక్కకు పోయి కూసున్న, అంతే.
ఏడ్చింది. ముక్కు తుడుసుకుంది.
అన్నం గంట కొట్టినంక
బాక్సు తనే తెరిచింది.

పోతపోత తలుపుల నిలబడి ఒక్కటి అడిగింది:
"పంద్రాగస్టు నాడు బూందీ పంచేటప్పుడు
నన్ను దాటిపోకుండ్రి టీచర్.
నా చేతుల కూడ పొట్లం పెట్టుండ్రి.
తినాల్నా, గౌసియాకు ఇయ్యాల్నా
నేను చూసుకుంట."

సలహా గడిల ఆ మాటే రాసిన.
ఎవరు ఎవరికిచ్చిండ్రో రాయలే.

నా సొరుగుల గిప్పుడు పల్లిపట్టీల పాకెటుంటది.
చీమలు దారి కనిపెట్టినయ్,
మూడో గడి మీదికెంచి వరుసగ పోతున్నయ్.
మొన్న తనిఖీకొచ్చిన సారు
ఫలితం ఎందుకు నింపలేదని అడిగిండు.
వచ్చే నెల స్ట్రిప్పులు ఎక్కడికెంచి వస్తయో
నేను ఆయననే అడిగిన.
పెన్ను జేబుల పెట్టుకున్నడు.

క్లాసుల అప్పుడప్పుడు
వెనుకకెంచి పటుక్కుమంటది.
ఎవ్వరు నవ్వరు.
నేను బోర్డు దిక్కే తిరిగి
డిండి వాగు గీస్తనే ఉంట,
సున్నపురాయి అరిగేదాక.