ఎడమచేతివాడు

బండని రొట్టెముక్కల్లా కోసే మిషను
నాలుగు లారీల్లో చీమకుర్తికి దిగింది.
దాన్ని బిగించడానికి ఇటలీ నించి ఒకాయన వచ్చాడు.
పేరు ఎట్టోరె.
మా అమ్మ నోట్లో పడి అదెట్టో ఎట్టోరయ్య అయింది.

ఫ్యాక్టరీ గోడ పక్కనే మా రేకుల షెడ్డు.
మా నాన్న మాలకొండయ్య
క్వారీవాళ్ళు పారేసిన చెక్కల్లోంచి రోళ్ళు తీసి
ఒంగోలు రోడ్డు పక్కన వరసగా పెట్టేవాడు.
ఎవరైనా ఆగితే, పంక్చరైందేమో అనుకునేవాళ్ళం.

ఒక మిట్టమధ్యాహ్నం దాహానికొచ్చిన ఎట్టోరయ్య
మజ్జిగ గ్లాసు చేతిలో ఉండగానే
సగం చెక్కిన రోటి ముందు గొంతుక్కూచున్నాడు.
గుంటలో అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పాడు,
సంతలో ఎద్దు పళ్ళు చూసే రైతులాగా.
నాన్న సుత్తి ఆపలేదు.
దెబ్బ మాత్రం మెత్తబడింది.

ఊరికి పోయేనాడు ఆ రోలే కొనుక్కున్నాడు.
నాన్న చెయ్యి పట్టుకొని "నొన్న, నొన్న" అన్నాడు.
"నాకంటే పదేళ్ళు పెద్దోడు, నన్ను నాన్నా అంటాడేందే!"
మా నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు.
తర్వాతెప్పుడో తెలిసింది,
వాళ్ళ భాషలో అది నాయనమ్మట.

ఏడాది తిరక్కముందే పెట్టె వచ్చింది.
గడ్డిలో చుట్టిన తెల్ల చలువరాతి రోలు,
అంచున నాలుగు చెవులు.
చీటీ నేనే చదివాను:
"మా నాయనమ్మది. ఆమెకి వాళ్ళత్త ఇచ్చింది.
నా ఇంట్లో నూరేవాళ్ళు లేరు."

నాన్న గోటితో గీకి "సుద్దముక్క" అన్నాడు.
అమ్మ ఆ పూటే గోంగూరా చింతపండూ వేసి నూరింది.
పులుపు తగిలినచోట రాయి సన్నగా నురగెత్తింది.
కడిగి చూస్తే మెరుపు పోయింది,
బొబ్బ చితికిన చర్మంలాగా.
"పులుపు ఓర్వలేని రాయి, పాపం" అంది అమ్మ.
అప్పట్నించి అందులో వెల్లుల్లి, మిరియాలు, యాలకులు, అంతే.

దాని కర్ర బండ దారిలోనే చీలిపోయింది.
ఉదయగిరిలో చెంచాలు చెక్కే ఖాదర్‌బీ
నర్ది కర్రతో ఇంకోటి చేసిచ్చింది.
ఎక్కడి రోలని అడగలేదామె.
గుంట ఎంత లోతని అడిగింది.

కరెంటు పోయిన ఒక రాత్రి
నాన్న ఆ రోలు ఒళ్ళో బోర్లించుకొని కూచున్నాడు.
అడుగున నునుపు చెయ్యకుండా వదిలేసిన ఉలి గంట్లు.
వాటి మీద బొటనవేలు పోనిస్తా,
గుడ్డివాడు ఉత్తరం చదివినట్టు:
"ఇక్కడ ఉలి మార్చాడు.
ఇక్కడ అలిసిపోయినాడు పాపా, దెబ్బ జారింది.
ఎవురూ చూడనిచోట కూడా వరస తప్పలేదు చూడు."
కాసేపాగి,
"వీడు ఎడమచేతివాడు."

ఎవరో, ఏ ఊరో,
చచ్చిపోయి ఎన్నేళ్ళయిందో.

నేను పగలంతా కంపెనీలో బిల్లులు కొడతాను.
పొడుగు, వెడల్పు, ఎత్తు, టన్నులు, రేవు పేరు.
ఓడకెక్కే నల్లరాయికి అన్ని గడులూ నింపుతాను.

పోయినేడు ఫొటో పంపాడు ఎట్టోరయ్య.
వాళ్ళ వంటింటి కిటికీలో మా రోలు,
రోట్లో మట్టి, మట్టిలో మొక్క.
"తులసమ్మే!" అని అమ్మ చెంపలేసుకుంది.
నాన్నకి ఒళ్ళు మండింది.
"నూరుకోమని ఇస్తే కుండీ చేస్తాడా!"
రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలా.
మూడోనాడు అన్నం కలుపుతా కలుపుతా,
"అడుగున చిల్లి పెట్టించాడో లేదో.
నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుద్ది.
రాయి పాపా, వాడికి."

రాశాను. జవాబు ఇంకా రాలేదు.

పొద్దున్నే అమ్మ రోటి ముందు కూచుంటుంది,
నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు.
మంచం మీంచే నాన్న:
"అటు కాదే.
ఆ అరిగిన చెవి నీ ఎడమకి రానియ్యి.
వాడు ఎడమచేతివాడని చెప్పలా?"

అమ్మ విసుక్కుంటానే
రోలు తిప్పుకుంటుంది.