నారబట్ట

డంబార్టన్‌లో, ఉత్తరపు కిటికీ వెలుగులో
ఎఫీ గాల్‌బ్రెయిత్ గంజిపెట్టిన నారబట్ట మీద
ఓడని సిరాతో దించింది.
మూడొందల అడుగుల నిడివి, ముప్పై లేదు వెడల్పు,
నాలుగు పొగగొట్టాలు.
ఉక్కురేకు ఎంత పలచనంటే
ఆ కొలతకి తన కలం గీతే లావైంది.

"గుండు తగిలితే?" అనడిగింది.
"దొరికితే కదా తగలడానికి!" నవ్వాడు పెద్ద డ్రాఫ్ట్స్‌మన్.

దొరకలేదు నిజంగానే. నాలుగేళ్లు
ఉత్తర సముద్రంలో సరుకు ఓడల చుట్టూ
మందకి కుక్కలా తిరిగింది.
సెలవుకొచ్చిన స్టోకర్ పెటిగ్రూ చెప్పాడు
(కనుబొమలు లేవతనికి):
పడక కింద మోకాలిలోతు నీళ్లు,
తల ఆనించే గోడ మాత్రం కాలిపోతూ.
"ఆ గోడ నాదే," అంది ఎఫీ.
ఒక్క గీత.
అటు ఆవిరి, ఇటు అతని తల.

యుద్ధమయ్యాక ఓడని తూకానికి అమ్మేశారు.
పాత నక్షాలు ట్రేసింగ్ అమ్మాయిలకిచ్చారు.
రెండుసార్లు ఉడకబెడితే గంజి వదిలింది,
వెన్నలాంటి బట్ట, ఆరు చేతిరుమాళ్లు.
ఒకదాని మూల మాత్రం
చొక్కాగుండీ అంత గుండ్రటి కిటికీ
ఎంత ఉతికినా పోలేదు.
జలుబు చేసినప్పుడల్లా
దాన్ని మడత లోపలికి తిప్పి
ముక్కు తుడుచుకుంటుంది.