ఒబేచే చెక్క తుపాకి

ఒబేచే చెక్క తేలిక.
ఎండితే అరచేతిలో పిచ్చుకంత బరువు.
అందుకే సినిమా తుపాకులన్నీ దాంతోనే చేస్తాను.
నల్లరంగు రెండు పూతలు వేసి, పైన కొవ్వొత్తి రుద్దితే
ఎనుగు పట్నం ఎండలో
ఇనుమని నమ్మేస్తుంది కెమెరా.

ఈసారి పద్నాలుగు కావాలన్నాడు డైరెక్టర్ ఇఫెడి.
నిలబడే కథ చెప్పాడు, ఫోను చెవిన పెట్టుకునే:
తండ్రి చస్తాడు. కొడుకు లేస్తాడు.
చివర్లో మంత్రి తన కుర్చీలోనే కూలిపోతాడు.
"బల్లా కుర్చీ కూడా నువ్వే చెయ్యాలి."
"గట్టిగానా?"
"ఒక్క టేకు చాలు. విరగాలి."

బల్లలు చేసేవాణ్ణి.
బల్ల కింద ఎంత చోటు వదలాలో
నాకెవరూ చెప్పక్కర్లేదు.

మా నాన్న కథలో కుర్చీ లేదు.
బొగ్గుగని ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు
కూలీల హాజరు రాసి రాసి,
రిటైరయ్యాక తన హాజరు వేయించుకోడానికి
ఆర్నెల్లకోసారి లైన్లో నిలబడేవాడు,
బతికే ఉన్నానని చూపించడానికి.
కిటికీ అవతల కుర్రాడికి చెయ్యి తడపాలి.
"నా చెయ్యి సిరాతో తడిసింది, అది చాలు" అనేవాడు.
హర్మటాన్ దుమ్ము పెదాలు పగలగొట్టే జనవరిలో
నూట అరవయ్యో నెంబరు చీటీ పట్టుకుని
నూట నలభై రెండు పిలిచేసరికి
కూలబడ్డాడు.
ఆ చీటీ చెల్లి దగ్గరుంది.

చెల్లి పేరు న్వకేగో. డబ్బుకన్నా బిడ్డ మిన్న అని.
నా పేరు ఒజోఎమెనా. ఇలాంటిది ఇంకోటి జరక్కూడదని.
మా ఇంట్లో పేరు పెట్టడం కూడా
దరఖాస్తు పెట్టుకోవడమే.

మంత్రి గదికి ఫైళ్లు కావాలన్నారు, గోడల నిండా.
ఆఖర్న అవన్నీ తగలబడాలి,
హీరో వెనక్కి చూడకుండా నడిచి రావాలి.
సచివాలయం వెనక కిలోల లెక్కన అమ్ముతారట.
ప్రొడక్షన్ కుర్రాడు ఆరు గోనెలు తెచ్చాడు,
వేరుశనక్కాయలమ్మే ఆవిడకన్నా నాలుగు కాసులు ఎక్కువ పాడి.

మధ్యాహ్నం జనరేటరు ఆగింది.
ఏమీ తోచక గోనె మూతి విప్పాను.
అట్ట అట్టకీ ఒక ముసలి మొహం,
గుండుసూది తుప్పు నుదుటి దాకా పాకి.
ఎజెక్వే, రైలుపట్టాల కూలి. ఒబియాగేలి, మంత్రసాని.
పేరు చెరిగిపోయిన ఒక బడిపంతులు, టై మాత్రం కనిపిస్తోంది.
కింద ఎర్రసిరాతో: విచారణలో ఉంది.
కింద ఎర్రసిరాతో: విచారణలో ఉంది.
నాన్న కోసం వెతికాను.
లేడు.
ఏ బస్టాండులోనో పొట్లమై ఉంటాడు.
ఎవరో పలుకులు నమిలి, ఉప్పు దులిపి
కిటికీలోంచి విసిరేసి ఉంటారు.

ఏడుపు రాలేదు. లెక్కపెట్టాను.
రెండు వందల పదకొండు.

ఆ రాత్రి చెల్లి బాడుగ బండి తెచ్చింది.
తెల్లారేదాకా కొత్త అట్టల్లో చెక్కపొట్టు కూరాం.
అది మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు,
ఒక్కసారి తుమ్మి ఇద్దరం నవ్వాం.

షాట్ బ్రహ్మాండంగా వచ్చింది.
మంత్రి వేషగాడు పాపం మోకాళ్ల నొప్పుల మనిషి,
విరిగే కుర్చీలోంచి జాగ్రత్తగా పడ్డాడు.
పొట్టు భగ్గుమంది.
అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.
అబద్ధమెందుకు,
నా తుపాకి అతని గుండెకి గురిపెట్టినప్పుడు
నోట్లో తియ్యగా నీళ్లూరాయి.

ఇప్పుడు ఆరు గోనెలూ మా కొట్లో, చిత్రిక బల్ల కింద.
బజార్లో న్వకేగో పేర్లు చదివి వినిపిస్తోంది,
టమాటాలు తూస్తూనే.

మొన్న ఆదివారం ఒకాయన వచ్చాడు, కర్ర పట్టుకుని.
ఫోటో చాలాసేపు చూసుకున్నాడు.
"నేనే. అప్పుడు జుట్టుండేది."
కాగితాలు గుండెకి హత్తుకుని లేచాడు.
గుమ్మం దగ్గర ఆగాడు.
వీధి అటూ ఇటూ చూసి,
జేబులో చెయ్యి పెట్టి,
గొంతు బాగా తగ్గించి అడిగాడు నన్ను:
"ఎంత?"