వేలెడు సందు

రిచర్డ్స్ టౌన్‌లో నాలుగు వాటాల పాత బంగళా.
మా వాటా హాల్లో గోడకి ఒక నల్ల నోరు.
ఫైర్‌ప్లేస్, అంది ఓనరు గర్వంగా.
మా చిన్నది అందులో చెప్పులు సర్దింది.
మూడేళ్లు అది చెప్పుల గూడే.

ఈ డిసెంబరులో వాన వదల్లేదు.
తువ్వాళ్లు ఆరలేదు. అటకమీది దుప్పట్లకు బూజు వాసన.
వెలిగిద్దామా, అన్నాను.
ముందు నారెప్పను పిలవమని
ఓనరు ఒక నంబరు పంపింది.

నారెప్పది ముళబాగిలు వైపు.
కన్నడంలో బేరం మొదలుపెట్టి
నేను "అబ్బో" అనగానే తెలుగులోకి దిగాడు.
పొడుగాటి కడ్డీకి కట్టిన కొబ్బరిపీచు కుచ్చు,
ఒక గోనెపట్టా, మూతికి తడి తుండు.
పైకెక్కాడు. పెంకుల మీద అతని అడుగులు
వంటింట్లో పోపు పెడుతుంటే వినిపించాయి.

రాలినవి:
తట్టెడు మసి,
కాకి కట్టుకున్న తీగల గూడు,
దాన్లో పక్కవాటావాళ్ల బట్టల క్లిప్పులు ఆరు,
ఏ కాలానిదో ఒక టెన్నిస్ బంతి.
"ఇదంతా అడ్డం పెట్టుకోని అంటించింటే
పొగ యాడికి పోతాదమ్మా?"

మసిని వేళ్ల మధ్య నలిపాడు,
పప్పు ఉడికిందో లేదో చూసినట్టు.
"పొడిగా రాలేది పర్వాలేదు. ఇదో, ఈ తారు మాదిరి మెరిసేది,
గొట్టంలోనే అంటుకుంటాది. పచ్చికట్టె చేసిన పాపం."
రెండు కట్టెలు నా చేతికిచ్చి కొట్టమన్నాడు.
ఠంగుమంటే ఎండినట్టు.
నావి దబ్బుమన్నాయి.
"ఇంకో ఎండాకాలం చూడనీ వాటిని."

బూడిద నిద్ర నటిస్తుందట.
ఇనపబకెట్లో ఎత్తి రెండు దినాలు
బయట రాతిమీద పెట్టాలట.
"ప్లాస్టిక్ బుట్టలో వేసినావనుకో..."
ఆ వాక్యం అక్కడే వదిలేశాడు.

పోయేముందు కిటికీ రెక్క కొంచెం తీసి
సందులో చూపుడువేలు పెట్టాడు.
"ఇంత. నిప్పు ఉన్నంతసేపూ ఇంత."
చలి వస్తుంది కదా, అన్నాను.
"రానీ."

టీ తాగుతూ చెప్పాడు, నేనేమీ అడగలేదు.
తమ్ముడు చౌడప్ప.
వర్తూరు అవతల అపార్ట్‌మెంట్ లేస్తున్న చోట రేకుల షెడ్డు, జనవరి.
పెయింటు డబ్బాలో బొగ్గులు.
పొగంతా పోయి కణకణలాడేదాకా బయటే ఉంచాడట,
అంత జాగ్రత్త మనిషి.
తర్వాతే లోపలికి తెచ్చుకుని
తలుపు కింద గోనె దోపాడు.
"పొగ ఉండుంటే దగ్గన్నా దగ్గి లేచునమ్మా.
మొగం ఎర్రగా, మంచి నిద్రలో ఉన్నట్టే ఉండె."
గ్లాసు తనే కడిగి, బోర్లించి, వెళ్లిపోయాడు.

శనివారం వెలిగించాం.
డిపోలో ఠంగుమన్న కట్టెలే ఏరి కొన్నాను.
ముందు కాగితం చుట్ట ఒకటి గొట్టంలోకి ఎత్తి పట్టాం,
చల్లటి ఇటుకలకు కబురు పంపినట్టు.
ముందు ఇనప జాలీ. చిన్నది చాప వెనక్కి లాక్కుంది.
ఆయన కిటికీ మూశాడు. నేను తీశాను.
మళ్లీ మూశాడు.
నారెప్ప తమ్ముడి సంగతి చెప్పాను.
ఆయనే లేచి తీశాడు.

అందరూ పడుకున్నారు. చివరి నిప్పు ఆరేదాకా
ఒకరు మేలుకోవాలి కదా, అది నేను.
పదకొండున్నరకి కిటికీలోంచి చూస్తే
గేటు దగ్గర సెక్యూరిటీ కేబిన్ అద్దం ఎర్రగా ఉంది.

చెప్పులు వెతుక్కోలేదు.
లోపల బిపుల్, అస్సాం కుర్రాడు, ఇరవై ఉంటాయేమో,
మూకుడులో బొగ్గులు,
తలుపు సందు నిండా మడిచిన అట్ట.
అతని హిందీ సగం, నా హిందీ పావు.
పొగ లేదు మేడమ్, అన్నాడు నవ్వుతూ.
అదే, అన్నాను. అదే, అదే.
అంతకుమించి నాకు హిందీ రాలేదు.

గోనె పట్టుకుని ఇద్దరం మూకుడు బయటికి ఈడ్చాం.
వాన తగిలి చుయ్‌మంది.
బూజు వాసన దుప్పట్లు రెండూ తెచ్చిచ్చాను.
అతను వాసన చూసి, కప్పుకున్నాడు.

కేబిన్‌కి ఒక హీటరు కావాలని
పొద్దున్నే ఓనరుకు మెసేజ్ పెట్టాను.
రెండు నీలం టిక్కులు పడ్డాయి.
ఇవాళ మంగళవారం.