తలకట్టు ఇంజన్

ఆటోనగర్లో నా బ్రష్షులకీ
సిలార్ మేస్త్రి పానాలకీ మధ్య
ఒక్క రేకు గోడ.
నేను లారీల ఒంటి మీద రాస్తాను.
ఆయన లోపల చెయ్యి పెడతాడు.

రోళ్లు పగిలే రోహిణిలో ఒక మధ్యాహ్నం
గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు
పాత జనరేటర్ దించిపోయారు.
బూడిదరంగు కొట్టి
పక్కన "వి పన్నెండు" అని రాయాలట.
పన్నెండంటే లెక్క, సరే.
ఈ వి ఏంటి మేస్త్రీ, విజయవాడా?

ఆయన నవ్వలేదు.
రెండు మణికట్లూ ఆనించి
అరచేతులు వాల్చి చూపించాడు.
"అడుగున క్రాంకు. ఇటు ఆరు, అటు ఆరు.
అక్షరం కాదురా నాంచారయ్యా, ఆకారం."

నలభై ఏళ్లు అక్షరాలమ్ముకుని బతికినవాణ్ణి.
అక్షరమూ ఆకారమే కదా అనబోయి
ఎండకి నోరు రాక ఊరుకున్నాను.

టీ వచ్చాక
కాలిన ఆయిల్లో వేలు ముంచి
నేల మీద గీస్తూ పోయాడు.

"ఇది ఇన్‌లైను. బంతి భోజనం.
ఆరుగురూ వరసలోనే కూచుంటారు,
వడ్డన మాత్రం వరసన రాదు.
ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
పక్కపక్కవాళ్లు వెంటవెంటనే గుద్దితే
నడుం విరిగేది క్రాంకుకి.

పడుకోబెట్టినవి రెండు రకాలు. చూపుకి కవలలు.
ఒకటి భజన తాళాలు,
రెండు చేతులూ ఒకేసారి దూరం, ఒకేసారి దగ్గర.
దాన్ని బాక్సరంటారు. గుద్దులాట.
రెండోది అడితీలో జంట రంపం,
ఇటువాడు లాగితే అటువాడు వంగుతాడు.
అది గుద్దులాట కాదు,
కాళ్లు బార్లా చాపిన వి."

పేరు తప్పు చెప్తే ఏమవుతుందన్నాను.
"బండి నడుస్తుంది. సామాన్లు సరిపోవు."

డబ్ల్యూని ఆయన ముట్టుకోలేదట,
రెండు వి లు ఒకే మంచం మీద ఇరుక్కున్నాయని విన్నాడు.
పాత విమానాలకి సూర్యుడిలా
చుట్టూ సిలిండర్లుండటం బొమ్మలో చూశాడు.
ఒకదానికైతే అసలు సిలిండరే లేదు, గుండ్రంగా తిరుగుతుందన్నాడు.
ఆ మాట ఆయనకే నమ్మకంగా లేదు.

రాత్రి రైవస్ కాలువ వెంట సైకిలు నడిపించుకుంటూ
మన అక్షరాల్లో ఇంజన్లు వెతికాను.
తిన్నటి గీత ఎక్కడుంది మనకి?
అన్నీ వంపులూ, కడుపులూ.
ఘ లో వంకీలు ఆ డబ్ల్యూకి పనికొస్తాయి.
విమానానికి సున్న.
మరి వి?
వంతెన దాకా వచ్చాక తట్టింది.
తలకట్టు!
రోజుకి వెయ్యిసార్లు వేస్తాను,
కుంచె ఒకసారి దిగి, ఒకసారి లేచి.
నా పేరులోనే రెండున్నాయి.
సిలార్‌లో ఒక్కటీ లేదు:
గుడి, దీర్ఘం, పొల్లు.

పొద్దున్నే జనరేటర్ మీద
జానెడు అక్షరాలతో రాశాను:
తలకట్టు పన్నెండు.

మేస్త్రికి చదువు రాదు.
పానా చంకలో పెట్టుకుని వచ్చి
తడి ఆరని మొదటి అక్షరం మీదకి
నల్లటి వేలు తీసుకెళ్లి,
ముట్టకుండా, పైన ఆపి,
"ఇదేగా," అన్నాడు.

పదకొండింటికి కోల్డ్ స్టోరేజీ మేనేజరు వచ్చాడు.
మీకు వి రాయడం కూడా రాదా అన్నాడు.
ఈసారి నుంచి స్టిక్కరు వేయించుకుంటాం,
బెంజ్ సర్కిల్ దగ్గర కుర్రాడు గంటలో ఇస్తాడన్నాడు.
బూడిదరంగు డబ్బా మళ్లీ తెరిచాను.
మొదటి చేతికి మాట కనపడుతూనే ఉంది,
రెండో చేతికి మునిగింది.
దాని మీద వి రాశాను, పన్నెండు రాశాను,
డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నాను.

స్టార్ట్ చేశారు.
రేకు గోడ వణికి నా డబ్బాలు గలగలలాడాయి.
మేస్త్రి స్క్రూడ్రైవర్ మొన ఇనుముకి ఆనించి
పిడి చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని
అటు వరసంతా విన్నాడు,
ఇటు వరసకి వచ్చి
ఒకచోట ఆగాడు.

"ఆపండి. ఏడోది ముద్దగా పలుకుతోంది."